ఉత్తరం రాసే చెయ్యి

హోప్ టౌన్,
12 నవంబరు 1978.

అన్నయ్యా,

ఉత్తరానికి మొదట “ఇక్కడ మేమంతా క్షేమం” అని రాయాలని మా తెలుగు మాస్టారు చెప్పారు. రాశాను, చదువుకున్నాను, కొట్టేశాను. పైన ఆ నల్లటి గీత అదే.

నాన్న ఓడిపోయాడు. తొమ్మిది ఓట్ల తేడా. మన పంచాయితీకి ప్రధాన్ ఇప్పుడు బాలస్వామి. మన వలల స్థలానికి ఆనుకుని ఇల్లు కట్టుకున్నవాడు, చిన్నప్పటి నుంచీ మనం మావా అని పిలిచినవాడు.

ఓటమి అయితే ఓర్చుకునేదాన్ని. ఆ బాలస్వామికి దేవప్రసాద్ అని ఒక తమ్ముడున్నాడు. నువ్వు వాణ్ణి చూసి ఉండవు. భీమిలి దగ్గర అమ్మమ్మ ఇంట పెరిగి, మెయిన్‌లాండ్‌లోనే చదివి, రెండేళ్ళ కిందట ఈ ద్వీపాల్లో ఏదో సర్కారు ఉద్యోగానికి వచ్చాడట. ఎన్నికలకని సెలవు పెట్టి వచ్చి, తోపుడు బండికి మైకు కట్టించి మూడు వారాలు ఊరంతా తిరిగాడు. మన ఇంటి ముందు బండి ఆపి ఏమన్నాడో రాస్తున్నాను: “అప్పలరాముడు గారు మంచివారే. కానీ ఆయనకి చేప వాసన తెలుసు, కాగితం వాసన తెలీదు. తెడ్డు పట్టిన చేతికి పంచాయితీ అప్పగిస్తే ఊరు నడిసముద్రంలో తేలుతుంది!”

జనం నవ్వారు. అన్నయ్యా, నాన్న కూడా నవ్వాడు. గుమ్మంలో వల కుడుతూ, తల దించుకుని, అందరితో పాటు నవ్వాడు. ఆ నవ్వు నాకు గొంతులో ముల్లులా దిగబడి ఉంది.

గెలిచిన పదో రోజున జెట్టీకి రోడ్డు వెడల్పు చేయాలని తీర్మానం చేశారు. మన వలల పాక గంటలో నేలకూలింది. బాలస్వామి గొడుగు వేసుకుని నిలబడి, “రోడ్డు ఊరికోసం గదా అప్పలరాముడూ, నీకోసం నాకోసం కాదు గదా” అన్నాడు. ఇప్పుడు పడవ ఒడ్డుకు లాక్కోవడానికి చోటు లేదు. జెట్టీ స్తంభానికి కట్టేస్తే రాళ్ళకు కొట్టుకుని ఒక పలక అప్పుడే చిట్లింది. పడవ అమ్మేసి కూలికి పోతానని నాన్న అమ్మతో అన్నాడట. నాతో ఏమీ అనడు. ఎవరితోనూ ఏమీ అనడు.

నాకు ఈ మధ్య ఒక మాట దొరికింది: ప్రతీకారం. నోట్లో వేసుకుంటే ఉసిరికాయలా ఉంది. నాకు పడవ లేదు, మైకు లేదు, పదిహేడేళ్ళకు ఓటు కూడా లేదు. పెన్ను ఉంది. తహసీల్దారుకు అర్జీ రాస్తాను.

నీ వల్ల ఒక్క పని కావాలి. నీ పద్నాలుగో ఏట బాలస్వామి ఇంటి కంచెకి గుంజలు పాతే పనికి వెళ్ళావు. సర్వే రాయి పీకించి, ఏడు బారలు మన వైపుకి జరిపి పాతించాడని ఒకసారి పడవలో నాతో చెప్పావు. ఆ ఏడు బారలూ వెనక్కి వస్తే పడవకీ వలలకీ చోటు వస్తుంది. ఆ మాట కాగితం మీద పెట్టించి, వేలిముద్ర వేసి, ఒక సాక్షి చేత సంతకం చేయించి పంపు. మిగతాది నేను చూసుకుంటాను. వాడి గోడలు వాడి చేతే కూలగొట్టిస్తాను.

నీకు ఈ ఉత్తరం చదివిపెట్టేది ఎవరో గానీ, గంగమ్మ మీద ఒట్టు వేయించుకో. బయటికి పొక్కకూడదు.

సీతాలు

*

క్యాంప్‌బెల్ బే,
3 డిసెంబరు 1978.

ప్రియమైన చెల్లెలు సీతాలుకు అన్న నూకన్న రాయించినది.

నీ ఉత్తరం ఓడ దిగిన రోజే అందింది. నేను అప్పటికి ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాను. మలేరియా జ్వరం. పంతొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు తగ్గింది, కంగారు పడవద్దు. జెట్టీ పనిలోకి నిన్ననే వెళ్ళాను. అమ్మకు జ్వరం సంగతి చెప్పవద్దు.

ఇక్కడి కంపౌండరు గారు ఉత్తరం చదివిపెట్టారు. నీ తెలుగు బాగుందన్నారు. మైకులో అన్న మాట దగ్గర కాసేపు ఆగారు. ఆగి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి ఒక్క అక్షరం మింగకుండా చదివారు. ఒట్టు వేయమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే వేశారు.

రాయి సంగతి ఆలోచించుకోనివ్వు. పీకినవాడు, పాతినవాడు నేనే. నాన్నకు ఆ సంగతి నేటికీ తెలియదు. నాన్న అన్నం తింటున్నాడా? పడవ అమ్మనివ్వకు.

నూకన్న

*

హోప్ టౌన్,
22 డిసెంబరు 1978.

అన్నయ్యా,

జ్వరం అని అంత చల్లగా రాయిస్తావా! అమ్మకు చెప్పలేదు. నేనే రెండు రోజులు సరిగ్గా తినలేదు.

మీ కంపౌండరు గారికి నా నమస్కారాలు. ఒక్క అక్షరం మింగకుండా చదివే మనిషి దొరకడం నీ అదృష్టం. మా బడిలో పాఠం చదివేవాళ్ళు సగం మింగుతారు. కానీ ఒక ఫిర్యాదు. నీ ఉత్తరం నీ గొంతులా లేదు. “కంగారు పడవద్దు” అని నువ్వు జన్మలో అని ఉండవు. ఆయన్ని బతిమాలి, నువ్వు ఎలా అంటే అలాగే రాయమను. నాకు నువ్వు కావాలి, మాస్టారు కాదు.

ఇక్కడ చెక్కు చెదరనిది నా కోపం ఒక్కటే. రోజూ పొద్దున ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ ఆ కంచెను చూస్తాను. సాయంత్రం వస్తూ చూస్తాను. లైబ్రరీలో అర్జీలు ఎలా రాయాలో నేర్చుకున్నాను. నా అర్జీ తయారైంది. అందులో మూడు నేరాలు. ఒకటి, సర్వే రాయి జరిపించడం. రెండు, గాలివానకి సర్కారు ఇచ్చిన రేకులు అమ్ముకోవడం. మూడు, ఓట్ల ముందు రోజు ఇంటింటికీ రమ్ము సీసాలు పంచడం. ఎవరు చూశారని అడగకు. కోపానికి కళ్ళెక్కువ. కింద సంతకం ఎవరిదీ ఉండదు, “హోప్ టౌన్ ప్రజలు” అని ఉంటుంది. ప్రజలు అనే మాట ఎంత సుఖమైనదో! అందులో ఎవరైనా దాక్కోవచ్చు.

రెండో అర్జీ ఆ మైకు దేవప్రసాద్ మీద. సర్కారు నౌకరు ఎన్నికల్లో ప్రచారం చేయకూడదని నియమం ఉందట. మా మాస్టారిని ఊరికే అడిగినట్టు అడిగి తెలుసుకున్నాను. ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు వాడికి తెలుస్తుంది కాగితం వాసన! కానీ వాడు ఏ ద్వీపంలో, ఏ ఆఫీసులో ఉన్నాడో అంతుచిక్కడం లేదు. బాలస్వామి భార్య జ్ఞానవతి అత్త “ఆ నికోబార్ వైపు” అంటుందే తప్ప విప్పదు. నువ్వు అటే ఉన్నావు కదా. కనుక్కుని రాయి.

వాడు మాట్లాడుతుంటే కప్ప పాడినట్టుంటుంది. వినగానే గుర్తుపడతావు.

సీతాలు

*

క్యాంప్‌బెల్ బే,
16 జనవరి 1979.

సెల్లీ,

నువ్వు అడిగినట్టే, నా మాట నా మాటలాగే రాయమన్నాను. రాస్తన్నాడు. నువ్వు ముందు కూకో. నిలబడి సదవకు.

నాకు ఉత్తరాలు సదివీ మనిషి, రాసీ మనిషి నీ మైకు దేవప్రసాదే.

కోప్పడకు. ఇదివరకు సెప్పలేపోనాను. నీ మొదటి ఉత్తరం నా మంచం పక్కన కూకోని సదువుతుంటే ఆయన పేరొచ్చింది. ఆగినాడు. “నూకన్నా, ఈ దేవప్రసాద్‌ని నేనే. బాలస్వామి మా అన్న. ఇంకొకరి చేత చదివించుకుంటావా, నన్నే చదవమంటావా?” అన్నాడు. ఇంకొకరెవరు సెల్లీ? ఈ కేంపులో అంతా పంజాబీలు, తమిళోళ్ళు, రాంచీవాళ్ళు. తెలుగు సదివీవోడు ఆయనొక్కడే. సదవమన్నాను. సేప వాసన మాట మైకులో ఎలా అని ఉంటాడో అలాగే సదివినాడు. సదివి, కిటికీ కేసి తిరిగి కూకున్నాడు.

నాకు జొరమొచ్చినప్పుడు వాగు మీద వంతెన కొట్టుకుపోయింది. జీపు రాదు. నడుం లోతు నీళ్ళలో నన్ను ఈపు మీద ఏసుకోని ఆసుపత్రికి తెచ్చింది ఆయనే. పంతొమ్మిది రోజులు గంజి తాగించినాడు. తన దుప్పటి నాకిచ్చి, తను గోనె కప్పుకున్నాడు. నాను అప్పలరాముడి కొడుకునని ఆయనకి మొదటి రోజే తెలుసంట. రిజిస్టర్లో అయ్య పేరు, ఊరి పేరు రాసుకున్నది ఆయనే కదా. నాకే తెల్దు, నన్ను మోసినోడెవడో.

ఇప్పుడు రెండో ఉత్తరం సంగతి. వాడి ఉద్యోగం ఎక్కడో కనుక్కోమన్నావు. కప్ప మాట దాకా సదివేసి, పెన్ను తీసి, “జవాబు చెప్పు, రాస్తాను” అన్నాడు. “ఆలోసించనీ బాబూ” అన్నాను. “ఆవిడ అడిగింది. నిజం చెప్పడానికి ఆలోచనెందుకు?” అని తనే రాస్తన్నాడు, సూడు: కె. దేవప్రసాద్, కంపౌండరు, క్యాంప్‌బెల్ బే. సెలవు తేదీలు అక్టోబరు 9 నుంచి 31 వరకు. పై ఆఫీసు పోర్ట్ బ్లెయిర్‌లో.

“బాబూ, మీ కొంపకి మీరే నిప్పెట్టుకుంటారా?” అన్నాను. “ఉత్తరం రాసేవాడికి చెయ్యి ఉంటుంది, నోరుండదు. మా అమ్మమ్మ వీధి వీధంతటికీ ఉత్తరాలు రాసేది. ఆవిడ పెట్టిన కట్టుబాటు అది” అన్నాడు.

అర్జీ ఎట్టొద్దని నాను సెప్పను. ఎట్టమనీ సెప్పను. నీ ఇష్టం.

నూకన్న

*

హోప్ టౌన్,
4 ఫిబ్రవరి 1979.

చదువుతున్నవాడా,

ఈ ఉత్తరం మా అన్నయ్యకు కాదు, నీకే. గట్టిగా చదువు. పక్క మంచాల వాళ్ళకు తెలుగు రాదు కాబట్టి నీ పరువుకేమీ కాదు.

నువ్వు గుంటనక్కవి. మా అన్నయ్యను మోశావట. మోసింది మనిషిని కాదు, మా రహస్యాన్ని. గంజి పోసి మా గుట్టు కొనుక్కున్నావు. నా కోపమంతా వరసగా, పేజీ తర్వాత పేజీ, నీ ఒళ్ళోకి నేనే తెచ్చి పోశాను. ఎంత నవ్వుకున్నావో! నీ అన్నకు ఈపాటికి టెలిగ్రాం వెళ్ళే ఉంటుంది. రాయి పాత చోటికి నడిచి వెళ్తుంది. పట్వారీ వచ్చి భూమి కొలిచేసరికి కంచె ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. అబద్ధాలకోరుని నేనవుతాను, మా నాన్న మళ్ళీ తల దించుకుని నవ్వుతాడు.

అమ్మమ్మ పేరు చెప్పి నీతులు! చేతికి నోరు లేదట. గుంటనక్కకు తోక లేదన్నట్టుంది. ఇదంతా చదివాక, మా అన్నయ్య ఏమంటాడో నీ చేత్తోనే రాయి. చూస్తాను.

19 ఫిబ్రవరి.

ఓడ రాలేదు. ఇంజను బాగు చేస్తున్నారట. పైన రాసింది పదిహేను రోజులుగా నా పుస్తకాల సంచిలోనే ఉంది. మళ్ళీ చదువుకున్నాను. ఒక్క మాట కూడా కొట్టేయను. కానీ కింద ఇంకొకటి రాయాలి, ఇది అన్నయ్యకు.

అన్నయ్యా, బాలస్వామి ఆ ఏడు బారల స్థలంలో కొత్త వంటిల్లు కడుతున్నాడు. ఇటుకలతో! నిన్న ఫెర్రీ దిగి వస్తూ కంచె దగ్గర ఆగాను.

“ఏటే గుంటా, మా గోడ కేసి అలా సూస్తన్నావు? మీ అయ్య ఇంకా మూగనోము విడిసిపెట్టలేదా?” అన్నాడు.

“గట్టిగా కట్టించు మావా” అన్నాను.

“సిమెంటు ఏసినాను. వందేళ్ళుంటాది” అన్నాడు.

నాకు లోపల పండగ. కట్టు, ఇంకా ఎత్తుకి కట్టు, కూలినప్పుడు చప్పుడు బాగుంటుంది అనుకుంటూ ఇంటి దాకా నడిచాను. గుమ్మం ఎక్కాక తట్టింది. రాయి సంగతి బయటపడుతుందని తెలిసినవాడు ఎవడైనా అక్కడ గోడ కడతాడా? వాడికి తెలియదు. అంటే ఎవరూ చెప్పలేదు. నా మొదటి ఉత్తరం అక్కడికి చేరి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఎన్ని ఓడలు వచ్చి వెళ్ళాయి!

ఎందుకు చెప్పలేదు? సొంత అన్న కదా. అడిగి రాయించు. జవాబు వచ్చేదాకా అర్జీ ఆపుతున్నాను. జాలిపడి కాదు, నీ సాక్ష్యం కాగితం రాలేదు కాబట్టి. నా కోపం తగ్గలేదు. తగ్గలేదని మళ్ళీ రాస్తున్నాను.

సీతాలు

*

క్యాంప్‌బెల్ బే,
12 మార్చి 1979.

సెల్లీ,

అంతా సదివినాడు. గుంటనక్క రెండుసార్లొచ్చింది, రెండుసార్లూ సదివినాడు. నాకే సెవులు మూసుకోవాలనిపించింది. అయిపోనాక, “మీ చెల్లెలికి కోపం వచ్చినప్పుడు వాక్యాలు పొట్టిగా వస్తాయి. పొట్టిగా ఉన్నవే బాగున్నాయి” అన్నాడు. ఎగతాళో నిజమో నాకు తెల్దు, నువ్వే సూసుకో.

నువ్వు అడగమన్నది అడిగినాను. “మీ అన్నకి సెప్పాలనిపించలేదా బాబూ?” అని.

“అనిపించింది. టెలిగ్రాం ఫారం కూడా తీశాను. ఒకడి ఉత్తరం విని ఇంకొకడికి చెప్తే, రేపు నువ్వు నాచేత ఎలా చదివించుకుంటావు? మా అన్నకి గోడ పోతే ఇంకో గోడ కట్టుకుంటాడు. నీకు చదివేవాడు ఇంకొకడు లేడు” అన్నాడు.

“మరి మా అయ్యని అంత మాటన్నారెందుకు?”

“ఆ మాటకి సిగ్గుపడుతున్నాను. జనం నవ్వుతుంటే నోరు ఆగలేదు. అది మీ అయ్యకి తెలియాలంటే రాస్తాను. కానీ రోడ్డు మాటకి సిగ్గుపడను. మీ ఊళ్ళో గవరమ్మని పురిటి నొప్పులతో మంచం మీద జెట్టీకి మోసుకెళ్తుంటే దారిలోనే బిడ్డ పోయింది. జీపు వచ్చే దారి ఉంటే బతికేది. రోడ్డు కావాలి. మళ్ళీ ఎన్నికలొస్తే మళ్ళీ మీ అయ్యకి ఎదురే నిలబడతాను.”

అలాగన్నాడు సెల్లీ. నాను తిన్న గిన్నె కడుగుతూ అన్నాడు.

ఇంకో మాట. రమ్ము సీసాలు, రేకులు నిజమేనా? బాలస్వామి మావ రమ్ము వాసనొస్తేనే తిడతాడు గదా. కంపౌండరు బాబుని అడిగితే “నేను చదివేవాణ్ణి, సాక్షిని కాను” అన్నాడు. ఇంకేటీ అనలేదు. నాకే మనసొప్పలేదు. రాయి మాట ఒక్కటే నా పేరు మీద పంపుతన్నాను. ఇది:

“హోప్ టౌన్ వాసి అప్పలరాముడి కొడుకు నూకన్న అనే నేను, నా పద్నాలుగో ఏట బాలస్వామి గారి కంచె పనికి వెళ్ళి, వారు చెప్పగా, సర్వే రాయిని పెకలించి, మా వలల స్థలంలోకి ఏడు బారలు జరిపి పాతాను. చేసింది నా చేతులే. తప్పని తెలిసీ ఇన్నేళ్ళు దాచాను. — నూకన్న వేలిముద్ర. రాసినది, సాక్షి: కె. దేవప్రసాద్, బాలస్వామి గారి తమ్ముడు.”

“తమ్ముడు అని ఎందుకు బాబూ, పేరు సాలదా?” అన్నాను. “సాక్షి ఎవరో చదివేవాళ్ళకి తెలియాలి కదా” అన్నాడు.

నూకన్న

*

హోప్ టౌన్,
22 ఏప్రిల్ 1979.

అన్నయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను నేను మంచిదాన్ని చేసుకుని రాయకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను.

నీ కాగితం చేతికి వచ్చిన రోజు పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఒక కొట్టు అరుగు మీద కూర్చుని నా అర్జీ తీశాను. రేకుల మాట కొట్టేశాను. రమ్ము మాట కొట్టేశాను. అవి నేనే పుట్టించాను, నీకు తెలిసిపోయిందిగా. మంచి వాక్యాలు అన్నయ్యా, కొట్టేస్తుంటే ప్రాణం పోయింది. రాయి ఒక్కటే మిగిలింది. కింద “హోప్ టౌన్ ప్రజలు” అని ఉన్న చోట చాలాసేపు చూశాను. సొంత అన్న మీద సాక్షి సంతకం పెడుతూ తమ్ముణ్ణని కూడా రాసుకున్న మనిషి కాగితం పక్కన, పేరు లేని నా కాగితం పెట్టడానికి చెయ్యి రాలేదు. సీతాలు, అప్పలరాముడి కూతురు, అని రాశాను.

పెట్టేముందు బాలస్వామికి చదివి వినిపించాలనుకున్నాను. వెనక నుంచి పొడిచానని ఎవరూ అనకూడదు. ముందు నుంచే పొడవాలి.

వెళ్ళేసరికి భోజనం చేస్తున్నాడు. “మావా, నీ మీద అర్జీ పెడుతున్నాను. విను” అన్నాను. జ్ఞానవతి అత్త పీట వేసింది, కూర్చోలేదు. చదివాను. నీ కాగితం కూడా చదివాను. సాక్షి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం చదివాను.

“దొంగ సంతకం. మా తమ్ముడి పేరు నువ్వే ఎట్టీసినావు” అన్నాడు.

అత్త చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది. “ప్రతి క్రిస్మస్‌కీ మనకొచ్చే ఉత్తరం రాత ఇదేనండి” అంది.

బాలస్వామి అరవలేదు. అరుస్తాడనే వెళ్ళాను, బదులు చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అన్నం ముందు చేతులు అలాగే ఉంచి, “ఎల్లు. ఎట్టుకో” అన్నాడు. అంతే.

పదకొండో తారీకున పట్వారీ కొలిచే గొలుసు పట్టుకుని వచ్చాడు. ఊరంతా వచ్చింది. ముందు నీ కాగితం చదవమన్నాడు, నేను తెలుగులో చదువుతుంటే మాస్టారు హిందీలో చెప్పారు. తర్వాత కొలిచి, “దీవార్ హటావో” అన్నాడు, గోడ తీసెయ్యమని. బాలస్వామి గునపం తనే తీసుకున్నాడు. వందేళ్ళ గోడ మధ్యాహ్నానికి కుప్పయింది. ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. నాన్నే వాడి దగ్గరికి వెళ్ళి, “బాలస్వామీ, ఇటికలు పగలకొట్టకు, ఊడదియ్యి. మళ్ళీ పనికొస్తాయి” అన్నాడు. ఆరు నెలల తర్వాత నలుగురిలో నాన్న నోరు విప్పడం అదే.

“నీ వలలు నువ్వు సూసుకో” అన్నాడు బాలస్వామి.

“సూసుకుంటానులే. సోటొచ్చింది గదా” అన్నాడు నాన్న.

జనం నవ్వారు. బాలస్వామి తల దించుకున్నాడు.

నేను కోరుకున్నది ఇదే. ఆ నిమిషాన ఒళ్ళంతా ఎంత హాయిగా ఉందో దాచను. ఆ హాయితోనే జెట్టీ దాకా వెళ్ళాను. ఫెర్రీలో కూర్చున్నాక తెలిసింది, నేను విసిరింది బాలస్వామిని దాటి ఇంకా దూరం వెళ్ళిందని. నువ్వున్న చోట ఒక మనిషికి అన్న లేకుండా చేశాను. ఉద్యోగం మీద రాసిన అర్జీ సంచిలోంచి తీసి చించి, చాథం దీవి దాటాక నీళ్ళలో వేశాను.

పడవ ఇప్పుడు మన స్థలంలో ఉంది. నాన్న చిట్లిన పలక మారుస్తున్నాడు. రాయి నువ్వు జరిపావని విని, “నా కొడుకు చేతులు బలమైనవే” అన్నాడు. తిట్టలేదు. నువ్వు వచ్చాక తిడతాడేమో.

చదువుతున్న మీకు: కప్పా, గుంటనక్కా వెనక్కి తీసుకుంటున్నాను. మైకులో అన్న మాటకు మీరు సిగ్గుపడ్డారని నాన్నకు చదివి వినిపించాను. “సరే” అన్నాడు. రోడ్డు సంగతిలో మాత్రం మీరు పొరబడ్డారు. దారి కావాలి, గవరమ్మ కోసం నేనూ ఏడ్చాను. కానీ మసీదు వెనక నుంచి వేస్తే ఎవరి పాకా కూలక్కరలేదు, జీపు ఇంకా తొందరగా వస్తుంది. నడిచి కొలిచాను. వచ్చే ఎన్నికల్లో మా నాన్న ఆ మాట మీదే నిలబడతాడు. మీరు ఎదురు రండి. ఓడిస్తాం.

సీతాలు

*

హోప్ టౌన్,
6 మే 1979.

ఒరే పెసాదూ,

ఈ ఉత్తరం నాను సెప్తన్నాను, అప్పలరాముడి కూతురు రాస్తంది. మీ వదిన రాయనన్నాది. “ఆ మాటలు నా చేత్తో రాయను” అన్నాది. కుర్రోళ్ళకి హిందీ తప్ప రాదు. అందుకని నా కొంప కూల్చిన సేతినే పిలిసినాను. ఒక్క మాట తగ్గించినా ఊరుకోనని సెప్పినాను.

నా గోడ పోనాది. అది పోనీ. పట్వారీ ముందు నీ పేరు సదివితే ఊరంతా నా మొగం కేసి సూసినాది. పరాయోడు పొడిస్తే కట్టు కట్టుకుంటాం. నువ్వు పొడిస్తే ఎక్కడ కట్టాల్రా? నాకు తమ్ముడు లేడు. రాసినావా గుంటా? లేడు అని రాయి. ఏదీ సదువు. ఆఁ.

క్రిస్మస్‌కి రాకు. వస్తే ఈ గుమ్మం నీది కాదు. రాయి నాను జరిపించలేదనను. జరిపించినాను. అప్పుడు నువ్వు సదువుకుంటన్నావు, రేపు నువ్వొస్తావు, పిల్లలు పుడతారు, ఇల్లు సాలదనుకున్నాను. నువ్వు నా దగ్గరకొచ్చి “అన్నా తప్పు” అనొచ్చు గదా. కాగితం మీద అంటావా?

ఈ గుంట నా యెదర కూకోని, నా నోటి కాడి అన్నం తీసీసి, కనురెప్పెయ్యకుండా రాసుకుంటంది. వాళ్ళ అయ్యకి ఓట్లు రాలేదు గాని కూతురు మాత్రం పులి. అది రాయకు. రాసీసినావా? పోనీ, ఉండనీ.

నీ ఉద్దోగం మీద కూడా అర్జీ రాసిందంట. తనే సెప్పింది. సింపీసిందంట. వచ్చే ఎలచ్చన్‌కి నువ్వు సెలవెట్టుకోని రాకు. సర్కారు ఉద్దోగం పోతే మళ్ళీ రాదు. నా గెలుపు నాను సూసుకుంటాను. అక్కడ జొరాలంట, ఈ గుంటే సెప్పింది. దుప్పటి వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చీకు. దోమతెర కట్టుకోని పడుకో.

తమ్ముడు లేడన్న మాట కొట్టీమనడం లేదు. అలాగే ఉండనీ.

ఇంతే.

బాలస్వామి

చెప్పినంతా రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన చెప్పనిది కూడా ఉంది. అది రాయడం నా పని కాదు. — సీతాలు